అసలు సిస్టం

"ఇది ఎక్కడ కొట్టేశావు?"

జశ్వంత్ అడిగిన తీరుకి పుణ్యవతి చేతిలోని టీ ఫ్లాస్కు గాల్లోనే ఆగిపోయింది. గచ్చిబౌలిలో ఆ కంపెనీ ఐదో అంతస్తు పాంట్రీ అది. బిస్కట్ డబ్బాల పక్కన ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని ముందు హెల్ప్‌డెస్క్ స్వాతి కూర్చుని ఏవో మీటలు నొక్కుతోంది.

"కొట్టేసుడేంది సార్? కూకట్‌పల్లిల సెకండ్‌హ్యాండ్ షాపుల కొన్న. రసీదున్నది" అంది పుణ్యవతి.

"రసీదుకేం, ఎవడైనా రాసిస్తాడు. అయినా కప్పులు కడుక్కునేదానివి, నీకు ల్యాప్‌టాప్ ఎందుకు?"

జశ్వంత్ డెలివరీ మేనేజరు. ఆయన ఏం డెలివరీ చేస్తాడో పాంట్రీలో ఎవరికీ తెలియదు గానీ, టీ మాత్రం అందరికంటే ముందు ఆయన బల్ల మీదికి డెలివరీ కావాలి. కప్పు అంచున చుక్క మరక కనిపిస్తే చాలు, పదిమంది వినేలా పిలిచి చూపిస్తాడు. మూడేళ్ళుగా టీ అందిస్తున్న మనిషి పేరు మాత్రం ఆయనకి ఇంతవరకూ తెలియదు.

"నాకు గాదు సార్, నా బిడ్డకు. డిగ్రీ సదువుతున్నది. షాపోడు డూప్లికేట్ సిస్టం ఏసిచ్చిండు. దాంతోని కాలేజీ పని నడుస్తలేదు. అందుకే ఈ మేడంని జర చూడమన్న."

స్వాతి తల ఎత్తకుండానే చెప్పింది. "పైన దొంగ కాపీ వేశారు సార్. అసలు సిస్టం లోపల ఓ మూల అట్లే ఉంది. దాన్ని తిరిగి ఎక్కిస్తున్నా. మొదటిసారి కొన్నప్పుడు ఏమేం ఉన్నాయో అన్నీ మళ్ళీ వస్తాయి."

"మన హెల్ప్‌డెస్క్ ఇక పాంట్రీకి కూడా సేవలు చేస్తుందన్నమాట. బావుంది." జశ్వంత్ ఫోన్ తీశాడు. "కామేశ్వరరావుగారూ, ఒకసారి పాంట్రీకి రండి. దొంగసొత్తు దొరికింది."

పుణ్యవతి ఫ్లాస్కు గట్టు మీద పెట్టి, సంచిలోంచి రసీదు తీసింది. తనని ఇక్కడ పనికి పెట్టిన కాంట్రాక్టరు సంగతి ఆమెకి తెలుసు. పైనుంచి ఫిర్యాదు వస్తే నిజమేదో అడగడు, రేపట్నుంచి రావద్దంటాడు.

అడ్మిన్ అధికారి కామేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చాడు. పుణ్యవతి ఇచ్చిన రసీదుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బానే ఉందండీ" అన్నాడు నెమ్మదిగా.

"ఏం బావుంది? అమ్మినవాడు దొంగ, కొన్నవాళ్ళు దొంగలు. ఇలాంటివాళ్ళని లోపలికి రానిస్తే రేపు మన బ్యాగులకి దిక్కెవరు? ఈవిడని ఇప్పుడే పంపించేయండి."

"సార్, ఒక్క మాట" అంది స్వాతి. "అసలు సిస్టం ఎక్కాక నెట్‌కి కలిపితే, ఇది ఏదైనా కంపెనీదయితే దాని పేరు చూపిస్తుంది. ఇంకో ఐదు నిమిషాలు. దొంగదో కాదో అదే చెబుతుంది."

"చెప్పనీ." జశ్వంత్ గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. "నా కళ్ళ ముందే తేలనీ. నేనెక్కడికీ పోను."

తెర మీద అంకెలు నలభై దాటాయి, అరవై దాటాయి. పొయ్యి మీద పాలని చూసినట్టు పుణ్యవతి వాటినే చూస్తోంది. షాపువాడు మంచివాడిలాగే మాట్లాడాడు. ఎవరో సాఫ్ట్‌వేర్ సారుది, కొత్తదానిలాగే ఉందన్నాడు. నమ్మింది. నమ్మడం తప్ప ఆమె మాత్రం ఏం చేయగలదు?

"ఇంతసేపా?" జశ్వంత్ నవ్వాడు. "దానికీ సిగ్గేస్తున్నట్టుంది."

వంద పూర్తయింది. తెర ఒకసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. స్వాతి తన ఫోన్‌లోని నెట్‌కి దాన్ని కలిపింది. రెండు నిమిషాలకి తెర మీద ఒక గుర్తు వచ్చింది. పుణ్యవతి రోజూ కడిగే ప్రతి కప్పు మీదా ఉండే గుర్తు.

"మన కంపెనీదే" అన్నాడు కామేశ్వరరావు. వంగి కింది వరస చదివాడు. "స్వాగతం, జశ్వంత్."

కామేశ్వరరావు తలెత్తి జశ్వంత్ వైపు తిరిగాడు.

"మార్చిలో క్యాబ్‌లో పోయిందని మీరు ఫిర్యాదు రాసిచ్చిందేనండీ ఇది. దాని బదులుగానే మీకు కొత్తది ఇచ్చాం."

జశ్వంత్ మొహం పాలిపోయింది. కానీ క్షణంలోనే సర్దుకున్నాడు. "చూశారా, నేను చెప్పలేదూ? నాదే. క్యాబ్‌లోంచి ఈవిడో, ఈవిడ మనుషులో లేపేశారు. సెక్యూరిటీని పిలవండి. పోలీసులకి చెప్పండి."

పుణ్యవతి గట్టు పట్టుకుంది. పోయిన వస్తువు తన చేతిలో దొరికింది. ఇంక తన మాట ఎవరు వింటారు? బిడ్డకి ఏమని చెప్పాలి?

స్వాతి మాత్రం తెర వంకే చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు అంది. "పేరు కూడా తీసెయ్యకుండా వదిలేశారు. కంప్యూటర్ ముక్క తెలియనివాళ్ళు చేసే పని ఇది. పాపం, సారుకి ఇవన్నీ రావేమో."

జశ్వంత్‌కి చర్రున కోపం వచ్చింది.

"నాకు రాకపోవడమేంటి? ఆ షాపువాడి చేతికి ఇచ్చేముందు నేనే కూర్చుని మొత్తం చెరిపేశాను."