మంత్రిగారికి ఒక్క మాట

"రెండే రెండు నిమిషాలు. ఒక్కరే మాట్లాడాలి" అన్నాడు మంత్రిగారి పీఏ, గుంటూరు గెస్ట్‌హౌస్ వరండాలో.

రెబెకమ్మ పుల్లమ్మ వీపు మీద చెయ్యేసి ముందుకు నడిపించింది. ఊళ్లో పాత ఆసుపత్రిని పడగొట్టి, కొత్తదానికి పిల్లర్లు లేపి, ఇప్పుడేమో రద్దంటున్నారు. అందులోనే ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి రెబెకమ్మ, ఊరుకుంటుందా! ఎనిమిది నెలలుగా ఎక్కని ఆఫీసు లేదు, పట్టుకోని కాలు లేదు. ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించింది. విలేకర్లను పిలుచుకొచ్చి, పిల్లర్ల మధ్య మొలిచిన తుమ్మచెట్లు చూపించింది. వీడియోలు తీయించి ఫోన్లలో తిప్పించింది. చూసినవాళ్లంతా అయ్యో అన్నారు, ఫైలు మాత్రం కదల్లేదు. రేపటినుంచి కాంట్రాక్టరు ఇనుము కోసుకుని పోతాడట. ఇవాళ కాకపోతే ఇక లేనట్టే.

చివరికి ఆమెకు మిగిలిన ఆశ పుల్లమ్మ. పోయిన వానాకాలం పుల్లమ్మ కోడలికి నొప్పులొస్తే గుంటూరు తీసుకొస్తుండగా ఆటోలోనే ప్రాణం పోయింది, కడుపులో బిడ్డతో సహా. "కోడలి ఫొటో చూపించి, మా ఆసుపత్రి మాకు కట్టించండయ్యా అను. ఇంకో ముక్క వద్దు" అని రెబెకమ్మ పది రోజులు నూరిపోసింది. పుల్లమ్మ మిరపకోతల కూలి మానుకుని మరీ వచ్చింది. బస్సులో దారి పొడుగునా ఆ ముక్కే వల్లె వేసుకుంది.

మంత్రిగారి ముందు తడబడకుండా చెప్పింది కూడా. ఆయన ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆసుపత్రి నా ఒక్కడి చేతిలో లేదమ్మా, పైవాళ్లు చూడాలి" అన్నాడాయన.

రెబెకమ్మ ఈ మాట ఎన్ని గదుల్లో విందో! మంత్రి ఫొటో తిరిగిచ్చి పెన్ను తీశాడు.

"నా చేతిలో ఉన్నదేదన్నా అడుగు. ఇక్కడే సంతకం పెడతా."

మళ్లీ ఆసుపత్రే అడగమని రెబెకమ్మ పుల్లమ్మ మోచెయ్యి గట్టిగా నొక్కింది. పుల్లమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుని, మంత్రికి దణ్ణం పెట్టింది.

"మా సమాధుల దొడ్డికి దారి లేదయ్యా, కోడల్ని మోకాలిలోతు బురదలో మోశాం. ఆసుపత్రి రాకపోతే ఇంకా చాలామందిని మొయ్యాలి గదా, ఆ దారన్నా వేయించండి."