వానవీధికి జనం

“ముఖాలు ఇచ్చేసి భోజనానికి పొండి. ఇవ్వనివాళ్ళు గేటుకేసి పొండి.”

అసిస్టెంట్ డైరెక్టర్ ట్రెంట్ ఈ ముక్క మైకులో చెప్పి మళ్ళీ ఫోనులో తల దూర్చాడు.

హాలీవుడ్ పక్కనున్న బర్బాంక్‌లో ఒక స్టూడియో. లోపల భవిష్యత్తు వీధి వేశారు. పైపుల్లోంచి వాన, కింద బురద, గోడల నిండా రంగు రంగుల లైట్ల బోర్డులు. ఆ వీధిలో తిరగడానికి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పొద్దుటి నుంచీ తడిసి, వణుకుతూ నిలబడ్డారు.

వీధి చివర కొత్తగా ఒక తెల్లగది పెట్టారు. అందులో కూర్చుంటే చాలు, చుట్టూ ఉన్న కెమెరాలు ముఖాన్ని అన్ని వైపుల నుంచీ లాగేసుకుంటాయి. ఆ ముఖం ఇక కంపెనీది. రేపటి నుంచి గుంపు కావాలంటే కంప్యూటర్లోంచి తీసి వీధి నిండా పరుచుకుంటారు. మనిషిని పిలవక్కర్లేదు.

ఇంతకీ తీస్తున్న సినిమా ఏమిటంటారా? మనుషుల మెదళ్ళు అద్దెకు తీసుకుని, పీల్చి పారేసే కంపెనీ మీద జనం తిరగబడే ఒక నవలని సినిమాగా తీస్తున్నారు. నవలలో కంపెనీని కూల్చేది నూడుల్స్ అమ్ముకునేవాళ్ళు, చెత్త ఏరుకునేవాళ్ళు. సినిమాకి వచ్చేసరికి వాళ్ళంతా వెనకాల తడుస్తూ నడుస్తారు. కూల్చేది నల్లకోటు హీరో ఒక్కడే. సినిమావాళ్ళకి ఆ నవల అంతవరకే ఎక్కింది.

“ఓయ్ ట్రెంటూ!” అని కేకేసింది చేలా. పాతికేళ్ళుగా గుంపుల్లో నడుస్తున్న మనిషి. నర్సుగా, శవంగా, పెళ్ళిలో చుట్టంగా లెక్కలేనన్ని సినిమాల్లో ఉంది. “ముఖం ఇచ్చేస్తే రేపు మమ్మల్ని పిలుస్తారా?”

“ముఖం ఉన్నాక మనిషెందుకమ్మా?”

“మరి మా తిండో?”

“ఇష్టం లేకపోతే మానెయ్యి. మీలాంటివాళ్ళు గేటు బయట బోలెడుమంది.”

ఇస్తే రేపటి నుంచి పని లేదు. ఇవ్వకపోతే ఇవాళే లేదు. గుంపులో గొణుగుడు లేచింది. ఒక పెద్దాయన గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

చేలా కాసేపు బురదకేసి చూసింది. దుస్తుల టెంటు దగ్గర వేషాలు తొడిగే సిరానుష్‌కేసి చూసింది. చేతులు దులుపుకుంది.

“సరే. ముందు నేనే ఇస్తా. మీరంతా టెంటులోకి నడవండి. సిరానుష్ వరసగా పంపిస్తుంది.”

“మొరిగే కుక్క కరవదులే,” అని ట్రెంట్ ఫోనుకి చెప్పుకుని నవ్వాడు.

చేలా తెల్లగదిలోకి వెళ్ళింది. పచ్చదీపం వెలిగింది. బయటికొచ్చి, తల వంచుకుని టెంటులోకి పోయింది.

సెట్టు మీద జూనియర్ ఆర్టిస్టుకి పేరుండదు. వేషమే పేరు.

“పసుపు రెయిన్‌కోటు!” అని అరిచాడు ట్రెంట్, ఫోను గీకుతూనే.

పసుపు రెయిన్‌కోటు ముక్కు చీదుకుంటూ వచ్చింది. “లోపల చలా బాబూ?”

“కాపురం పెడతావా ఏంటి? కూర్చో, టోపీ తియ్యి, లే. అంతే.”

“రేపు నా ముఖం ఎవడికైనా ముద్దు పెడితే నాకు కబురు చేస్తారా?”

“నడువ్!”

పచ్చదీపం.

తర్వాత నూడుల్స్ అమ్మే ముసలిది. నడుం విల్లులా వంగిపోయింది, చేతిలో గరిటె.

“గరిటె బయట పెట్టు.”

“దీనికి ముఖం లేదులే నాయనా, భయపడకు.”

పచ్చదీపం.

పోలీసు హెల్మెట్ బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చింది, ఒక్క మాటా లేకుండా పోయింది. దాని వెనక తలనిండా వైర్లున్న సన్యాసిని. ట్రెంట్ నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది.

“నీ ఆత్మ కూడా తీసుకుంటారా నాయనా వీళ్ళు?”

“నాది ఎప్పుడో తీసుకున్నారు తల్లీ. లోపలికి పో.”

పచ్చదీపం.

“ఏంటమ్మా, ఒక్కొక్కళ్ళకీ ఇంత ఆలస్యం?” అని టెంటు మీద విరుచుకుపడ్డాడు.

సిరానుష్ తల బయటపెట్టింది. నోటి నిండా గుండుసూదులు. “మీ భవిష్యత్తు నిండా జిప్పులేనయ్యా! నువ్వొచ్చి తొడుగు, తెలుస్తుంది.”

లోపల ఎవరో పకపకా నవ్వారు. పేకముక్కలు కలిపిన చప్పుడు.

వరస సాగింది. గుడ్డి బిచ్చగత్తె, ఇనపచెయ్యి మెకానిక్కు, ఎర్రజుట్టు దొంగ, ఇలా వీధి వీధంతా. ఆఖర్న చెత్త ఏరే గోనెపట్టా వచ్చింది. ఒళ్ళంతా చెమట. గది గుమ్మం పట్టుకుని ఆయాసపడింది.

“ఏమైంది?”

“ఏం లేదు బాబూ. ముఖం ఇవ్వడం ఇంత కష్టమనుకోలేదు.”

పచ్చదీపం.

ట్రెంట్ ప్రొడ్యూసర్‌కి ఫోను కొట్టాడు. “అయిపోయింది సార్. ఒక్కడూ గేటుకేసి పోలేదు. కిక్కురుమనలేదు.”

ఆ రోజు భోజనాల బల్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు ఎన్నడూ లేనంత తిన్నారు. చేలాకి మాత్రం ఎవరో పళ్ళెం తెచ్చి పడుకున్నచోటే పెట్టారు.

భోజనాలయ్యాక ప్రొడ్యూసర్ స్వయంగా వచ్చాడు. సెట్టు మధ్య పెద్ద తెర దించారు. కంప్యూటరు మీద వానవీధి నిండా కొత్త జనాన్ని పోశారు.

“ఇంక ఈ మందకి జీవితంలో భోజనం పెట్టక్కర్లేదు. కానివ్వు, చూద్దాం,” అన్నాడు ప్రొడ్యూసర్.

ట్రెంట్ మీట నొక్కాడు.

తెర మీద వాన మొదలైంది. లైట్లు వెలిగాయి. దూరం నుంచి జనం వస్తున్నారు, వేలమంది, బురద తొక్కుకుంటూ.

దగ్గరికొచ్చి, టోపీలూ హెల్మెట్లూ ముసుగులూ తీసి, రెయిన్‌కోటు నుంచి గోనెపట్టా దాకా అందరూ ఒక్కసారి తలెత్తి చూస్తే, అంతమందిదీ ఒక్క చేలా ముఖమే.