ఒక్కటే పెనం

సుజాత అంగట్లో అడుగుపెట్టేసరికి, మిగిలిన ఒక్క పోత ఇనుప పెనమూ ఒక ముసలామె చేతుల్లో ఉంది.

బుక్కరాయసముద్రంలో అలాంటి పెనాలు దొరికేది వెంకటేశులు దగ్గరే.

ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్ పెనం పూతంతా లేచిపోయింది. మధ్యాహ్నం ఒకరు భోజనానికి వస్తారనీ, మంచి దోసెలు పొయ్యాలనీ భర్త శశికుమార్ పొద్దున్నే చెప్పాడు.

ఎవరని అడిగితే, "వచ్చినాక నువ్వే చూస్తువులే" అని నవ్వాడు.

"పెద్దమ్మా, అది నాకియ్యి. మా ఇంటికి మనుషులొస్తాండారు."

"నేను గూడా ఒకరింటికి పోతాండా తల్లీ. మొదటిసారి. ఒట్టి చేతుల్తో ఎట్ల పోయేది?"

"పెనం ఎవరైనా ఇస్తారా? రెండు పండ్లు తీసుకోని పో."

"పండ్లు తింటే అయిపోతాయి. ఇదైతే దినామూ పొయ్యి మీద ఉంటాది. నా గుర్తుగా..."

"నీ గుర్తు ఎవరికి కావల్ల? ఏమప్పా వెంకటేశులన్నా, నీ అంగడికి ఎప్పుడూ వచ్చేది నేనా, ఈమెనా?"

వెంకటేశులు తల తిప్పుకుని గిన్నెలు సర్దసాగాడు.

ముసలామె పెనాన్ని కొంగుతో తుడిచి, సుజాత చేతిలో పెట్టింది.

"మొదటి దోసె అంటుకుంటాది. ఉల్లిగడ్డ కోసి రుద్దు తల్లీ" అని ఎండలోకి నడిచిపోయింది.

సుజాత గెలిచినట్టే ఇల్లు చేరింది. వాకిట్లో కూర్చుని పెనం తోమింది. శశికుమార్ కాలు నిలవక లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు.

శశికుమార్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"యాడుండావమ్మా?"

"గార్లదిన్నె బస్సెక్కినా నాయనా."

ఆ గొంతు వినగానే సుజాత చేతిలో గరిటె ఆగిపోయింది.

"అదేందమ్మా, ఇంటికి రాకుండానే?"

"వచ్చినా. గేటు కాడ నుంచే చూసినా. నువ్వు బాగా తిరుగుతాండావు. నాకది చాలు. నన్ను చూస్తే నీ భార్య నొచ్చుకుంటాదని ఎనక్కి తిరిగినా. ఆ పిల్లను ఏమీ అనొద్దు."

ఫోన్ ఆగిపోయింది.

"ఎవరామె?" అంది సుజాత.

"రెండేండ్లు వెతికి పట్టుకున్నా సుజాతా" అన్నాడు శశికుమార్. అతని చెయ్యి పొత్తికడుపు పక్కనున్న కుట్ల మచ్చ మీదికి పోయింది.

"యాక్సిడెంట్లో కొడుకు పోయిన దినమే, వాని కిడ్నీ దానమిచ్చి నన్ను బతికించిన తల్లి."