పైపిల్ల, కిందిపిల్ల

“కట్!”

ఆ మాట అన్నది దర్శకుడు కాదు. కెమెరా పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మగారు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

దర్శకుడు హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాడు. “అమ్మగారూ, కట్ నేను చెప్పాలండీ.”

“చెప్పలేదుగా మరి. పిల్ల కిందికి చూసింది.”

“చూడమన్నది నేనే!”

అమ్మగారు నాటకాల్లో పేరుమోసిన నటి. ఎనభై దాటాయి. ఆవిడ ఆత్మకథలోంచే ఈ సినిమా పుట్టింది. అవి యుద్ధం రోజులు. ఒక వర్గం వాళ్ళని జాబితాలు రాసి, ఇళ్ళలోంచి లాగి, రైళ్ళెక్కిస్తున్నారు. ఒక బళ్ళో పదేళ్ళ ప్రాణస్నేహితులిద్దరు. ఒకమ్మాయి వేదిక మీద నాటకం ఆడుతుంటే, జాబితాకెక్కిన రెండో అమ్మాయి వేదిక పలకల కింద దాక్కుని మాటలు అందిస్తూ ఉంటుంది. అంతలో సైనికులు వచ్చిపడతారు. నాటకం ఆపొద్దని వాళ్ళ అధికారి హుకుం. ఆ వేషాలు వేస్తున్న పిల్లల్ని యూనిట్‌లో అందరూ పైపిల్ల, కిందిపిల్ల అనే పిలుస్తున్నారు.

షూటింగు జరుగుతున్న హాలు ఒక స్కూలుది. సాయంత్రం ఐదింటికల్లా తాళాలు అప్పగించాలి. మిగిలింది ఒక్క సీను. ఆ ఒక్కటీ తెమలడం లేదు.

పలకల కింద వడ్రంగి మేస్త్రి కట్టిన సందు చూసి అమ్మగారు పొద్దున్నే పెదవి విరిచింది. “ఇందులో సంసారం పెట్టొచ్చు. పిల్ల మోకాళ్ళు గడ్డానికి తగలాలి,” అంది. మేస్త్రి రెండుసార్లు కొలతలు మార్చి, మూడోసారి సుత్తి కింద పడేసి టీకి వెళ్ళిపోయాడు. తర్వాత ఆవిడ కిందిపిల్లని పట్టుకుంది.

“ప్రతి మాటా అందించాలమ్మా. పైపిల్ల బుర్రలో ఒక్క ముక్క నిలవదు. అది ఊపిరి పీల్చే చప్పుడు వినపడగానే అందించెయ్.”

పైపిల్లంటే చిన్నప్పటి ఆవిడేగా! అరవై ఏళ్ళు ప్రాంప్టర్ అవసరం లేకుండా ఆడిన మనిషి తన గురించి తనే అంత తక్కువ చేసి చెప్పుకుంటుంటే దర్శకుడు మొదట ముచ్చటపడ్డాడు కూడా. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు.

“అధికారి ఎక్కడ నిలబడ్డాడండీ?”

“ఏమో.”

“ముఖం ఎలా ఉండేది?”

“బూట్లు గుర్తున్నాయి. ఎడమ మడమ బాగా అరిగిపోయింది.”

బూట్లతో సినిమా ఎలా తీస్తారో దర్శకుడికి తెలియలేదు. స్క్రిప్టు మొత్తంలో ఆవిడకి నచ్చిన సీను ఒక్కటే. అంతా అయ్యాక పైపిల్ల తల్లి కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి నడుస్తుంది. అక్కడ కూడా ఊరుకోలేదు. “నొప్పెట్టేలా పట్టుకోవాలి,” అంది.

ఇంతవరకూ అన్నీ వయసు మీదికి నెట్టేసి ఓర్చుకున్నాడు. పైపిల్ల కిందికి చూసే ఈ చూపు దగ్గర మాత్రం ఓర్చుకునే ఓపిక అతనికి లేదు. పిల్లల్ని బయట ఆడుకోమని పంపేసి, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

“మీ పుస్తకంలో ‘ఆ రోజు నా స్నేహితురాలిని పట్టుకుపోయారు’ అని ఒకే వాక్యం రాసి వదిలేశారు. ఎలా పట్టుకున్నారో నేను కల్పించుకోవద్దూ? పైపిల్ల భయంతో పలకల వైపు చూస్తుంది. సైనికుడు ఆ చూపు పసిగడతాడు. కిందిపిల్ల దొరికిపోతుంది. జనం ఏడ్చి చస్తారు.”

“పైపిల్ల కిందికి చూడలేదు. ఒక్కసారి కూడా.”

“డెబ్బై ఏళ్ళ కిందటి చూపు మీకంత గుర్తుందా?”

“చూసుంటే కళ్ళూ కళ్ళూ కలిసేవి. కలవలేదు.”

“పదేళ్ళ పిల్లండీ! పొరపాటున చూస్తే మాత్రం ఎవరు తప్పుపడతారు?”

“అది చెయ్యని పొరపాటు దానికి అంటగట్టకు. ఆ చూపు ఉంచావంటే ఈ సినిమా నాది కాదని పేపర్లకెక్కుతాను.”

అసిస్టెంటు దూరం నుంచి వాచీ చూపించింది. నాలుగైంది. దర్శకుడికి ఒళ్ళు మండిపోయింది. ఈ పెద్ద నటులంతా ఇంతే. ఎప్పుడో చిన్నప్పుడు చేసిన తప్పు కూడా తెర మీద కనపడకూడదు.

“మీ పేరుకి మచ్చ వస్తుందనేగా మీ బాధ? సూటిగా చెప్పండి.”

“నా పేరు సంగతి వదిలెయ్, నాయనా.”

“అయితే ఏం జరిగిందో మీరే చెప్పండి. అదే షూట్ చేసేస్తాను. ఐదింటికి తాళం వేసుకుపోతారు.”

అమ్మగారు వేదిక వైపు తిరిగింది.

“వెతికారు. ఎవరూ దొరకలేదు. ‘జాబితాలో ఉన్న ఆ పిల్ల ఎవరో చెప్పండి, లేకపోతే పలకలు పీకేస్తాం’ అన్నారు. గునపం పలకకి తగిలిన చప్పుడైంది. అప్పుడు పైపిల్ల నాటకం ఆపేసి, ‘ఆ పిల్లని నేనే’ అంది. ఎవరూ అందించకుండా అది చెప్పిన మాట అదొక్కటే. వాళ్ళమ్మ గొంతు ఒక్కసారి లేచి, మధ్యలో ఆగిపోయింది. హాల్లో ఇంకెవరూ కిక్కురుమనలేదు. దాన్ని తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు.”

దర్శకుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“ఇదెక్కడి గోలండీ! పైపిల్లని తీసుకుపోతే ఆ తల్లి ఎవరి చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళింది? ఇన్నేళ్ళూ నాటకాలాడిందెవరు? పొద్దుటి నుంచి ఈ కుర్చీలో కూర్చుని నా ప్రాణం తోడేస్తున్నదెవరు?”

అరవై ఏళ్ళలో మొదటిసారి అమ్మగారు మాట కోసం తడుముకుంది.

“నేను కిందిపిల్లని.”