నాలుగు సెకన్లు

"ఆ కాగితం మీకెందుకు సార్, వదిలేయండి," అంది కిటికీ వెనకామె, మూడోసారి.

అతను వదిలేసే ఘటం కాదు. భోజనం మానుకుని మరీ పై అంతస్తు నుంచి దిగివచ్చాడు. ఇదే సంక్షేమ కార్యాలయంలో ఆరేళ్ళ ఉద్యోగం. ఏ రోజు ఫైళ్ళు ఆ రోజే తెమిల్చేస్తాడని మొన్ననే పై అధికారి చేత శభాష్ అనిపించుకున్నాడు. సొంత ఆఫీసు కదా, పని ఇట్టే అయిపోతుందనుకున్నాడు. మెడలోని కార్డు చూపిస్తే ఆమె రిజిస్టరులో 417 అని రాసుకుంది, కంప్యూటరులో ఏదో చూసింది, అప్పట్నుంచీ నసుగుతోంది. తప్పు చేసినవాణ్ణి వెనకేసుకొస్తోందని అతనికి ఒళ్ళు మండింది.

ఆయా ఇంకా అవసరమా అని చూసే సర్వేకి వచ్చినామెకి అతని తల్లి మర్యాద కోసం గోడ పట్టుకుని లేచి మంచినీళ్ళిచ్చింది. 'లేచి నడవగలరు' అని కంప్యూటరుకెక్కింది. ఆఫీసు పంపే ఆయా రావడం ఆగిపోయింది. నాలుగో రోజే తల్లి స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద, ఆయా ఎప్పుడొస్తుందని పూటకోసారి అడుగుతోంది. అప్పీలుకి ఈ రోజే ఆఖరు.

"నిర్ణయం కంప్యూటరుది సార్. ఎవర్నని అంటాం?"

"మనిషి చూసి ఒప్పుకోనిదే అది చెల్లదమ్మా. ఆ మనిషెవరో చూపించే కాగితం అడిగే హక్కు మాకుంది."

"రోజుకి నాలుగు వందల ఫైళ్ళు. వాళ్ళకి పేర్లు కూడా కనపడవు."

"ఫైల్లో పెట్టిన డాక్టరు చీటీ కనపడుతుందిగా? ఒక్కసారి తెరిచుంటే మా అమ్మ నడవలేదని తెలిసేది. వాడికీ ఓ తల్లి ఉండే ఉంటుంది."

ఆమె తల దించుకుంది. అప్పీలుకి ఆ కాగితం అక్కర్లేదనీ, ఫారం తనే నింపి పంపుతాననీ బతిమాలినట్టు చెప్పింది. ఫారం ఎలాగూ నింపుతాను, ముందు వాడెవడో తేలాలన్నాడతను.

ఇక చేసేది లేక ఆమె కాగితం అచ్చు తీసి, అతని మొహం చూడకుండా కిటికీ కిందుగా తోసింది.

డాక్టరు చీటీ: తెరవలేదు. పరిశీలనకు పట్టిన సమయం: నాలుగు సెకన్లు. ఒప్పుకున్న ఉద్యోగి నంబరు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

ఆ నంబరు అతని మెడలోనే వేలాడుతోంది.