ఎనిమిది సాకెట్ల నిశ్చింత

ముట్టుకోగానే చురుక్కుమంది. అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చూశారా బాబాయిగారూ, ప్లగ్గు ఎలా కాలుతోందో!"

"హీటరు ప్లగ్గు కాలక, చల్లగా ఉంటుందేమిటయ్యా?" అన్నాడు ఇంటి ఓనరు. ఆయన కళ్ళు మాత్రం చేపల తొట్టి మీదే ఉన్నాయి.

తొట్టి అంటే బల్ల మీద పెట్టుకునే గాజు గిన్నె అనుకునేరు. ముందు గదిలో సగం అదే! సోఫాకి చోటు చాలక వరండాలోకి పోయింది. తొట్టిలో పళ్ళేల్లాంటి గుండ్రటి చేపలు మహారాజుల్లా తిరుగుతుంటాయి. మహారాజులకి చలి పడదు. అందుకని నీళ్ళలో నాలుగు హీటర్లు. ఒక్కొక్కటీ ఇస్త్రీపెట్టెకి అన్నగారు. ఆ నాలుగూ ఒకే పవర్ స్ట్రిప్‌లో దూరాయి. మామూలు స్ట్రిప్ కాదు. నీళ్ళ వేడి కనిపెట్టి హీటర్లని తనే వేసి, తనే ఆపేస్తుంది. మిగిలిన సాకెట్లలో రెండు మోటార్లు, ఒక లైటు. ఎనిమిదోది ఊరికే ఎందుకని ఓనరుగారి ఫోను చార్జరు.

అంత తెలివైన స్ట్రిప్పుని తీసుకొచ్చి నేల మీద, సరిగ్గా తొట్టి కింద పడుకోబెట్టారు. పైనుంచి చుక్క కారితే తిన్నగా దాని నోట్లోకే.

అతను అద్దెకుంటున్నది ఆ గదికి సరిగ్గా పైవాటాలో. తొట్టి పైన స్లాబు, స్లాబు పైన అతని పాప ఉయ్యాల. పాపకింకా పాకడం కూడా రాదు. ఇందాక కాలిన ప్లాస్టిక్ వాసన కిటికీలోంచి ఉయ్యాల దాకా వచ్చింది. భార్య హడలిపోయి అతన్ని కిందికి తరిమింది. "వెళ్ళి చెప్పు! ఈ సంగతులు నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

వచ్చాడు. చెబుతున్నాడు. వినేవాళ్ళేరీ?

"ఇంత లోడు ఒకే స్ట్రిప్ మీద వెయ్యకూడదండీ. అది రెండు హీటర్లకే ఆపసోపాలు పడుతుంది. నాలుగూ ఒకేసారి వెలిగాయంటే లోపల కాగిపోతుంది."

"రెండే పెట్టాలంటే మరి ఎనిమిది సాకెట్లు ఎందుకిచ్చాడయ్యా? అందానికా?"

వంటింట్లోంచి ఓనరుగారి భార్య కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో ఆయనకి ఇంకాస్త ఊపొచ్చింది. లేచెళ్ళి, షోకేసులోంచి స్ట్రిప్ తాలూకు ఖాళీ డబ్బా తెచ్చి, ఏదో పోటీలో గెలిచిన కప్పులా ఎత్తి చూపించాడు.

"చదువు! 'పరీక్షించి చూశాం. అన్ని సాకెట్లూ నిశ్చింతగా వాడండి.' కనబడిందా? పరీక్షించారట!"

"డబ్బా మీద ఏదైనా రాస్తారండీ."

"రాసేస్తారా? అంత పెద్ద కంపెనీలో నీపాటి తెలివైనవాడు ఒక్కడూ ఉండడంటావా?"

పెద్దవాళ్ళతో వాదన దేనికని కాబోలు, అతను మాట మళ్ళించాడు.

"లోపల రాగి రేకు కాగితమంత పల్చగా ఉంటుంది బాబాయిగారూ. హీటర్లని ఆపే స్విచ్చు కూడా నాసిరకం."

"నువ్వేమైనా విప్పి చూశావా?"

"చూడకుండా చెప్తానా?"

చేతులు తుడుచుకుంటూ ఓనరుగారి భార్య బయటికొచ్చింది. "పోనీ, ఆ కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి నాలుగు దులిపేద్దామా బాబూ? పసిపిల్ల ఉన్న ఇల్లాయె!"

"వద్దు పిన్నిగారూ!" మాట కాస్త గట్టిగానే వచ్చింది. వెంటనే గొంతు తగ్గించాడు. "వాళ్ళ లైను కలవదండీ. కలిసినా పాట వేసి కూర్చోబెడతారు. మన జాగ్రత్తలో మనముంటే చాలు."

ఎంత మంచితనం! ఎవరి మీదా ఫిర్యాదు చేసే మనిషి కాదు.

"ఇక్కడ నిప్పంటుకుంటే పైన నా కూతురుందండీ," అన్నాడు మళ్ళీ.

"మధ్యలో స్లాబు లేదూ? దగ్గరుండి పోయించాను. ఏం కాదు పో!"

అతను రూటు మార్చాడు.

"సరే. ఆ స్విచ్చు వేడికి అతుక్కుపోయిందనుకోండి. హీటర్లు ఇక ఆగవు. మీ చేపలు అలాగే ఉడికిపోతాయి."

ఓనరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఉడికి... ఓరి నీ! ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!"

ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ దిగాడు. అతను పక్కనే నిలబడి పని చేయించాడు. ఒక్కో హీటరుకి ఒక్కో గోడ సాకెట్టు, దేని వైరు దానికే. ఎర్త్ ఉందో లేదో చూడమన్నాడు. చూపించమన్నాడు. కరెంటు కాస్త లీకైనా టప్పున పడిపోయే బ్రేకరు బిగింపించాడు. వైర్లని బిర్రుగా లాగనివ్వలేదు. కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేలా వదిలించాడు. వైరు వెంట చుక్క జారినా నేల మీద పడుతుంది గానీ సాకెట్లోకి పాకదు. వేడి ఎంతుండాలో హీటర్ల మీద ఉన్న మీటలతోనే సరిచేశాడు. చివరికి స్ట్రిప్పుని చెత్తబుట్టలో పడేయించి, డబ్బాని కూడా దాని వెనకే సాగనంపాడు.

ఎలక్ట్రీషియన్ తిక్కరేగి, "ఇంత చాదస్తం నేనెక్కడా చూడలేదు సార్," అన్నాడు.

"పిల్లలున్న ఇల్లు బాబూ. ఆ మాత్రం ఉండాలి."

ఓనరు కళ్ళు చెమర్చాయి. "నీ పుణ్యాన నా చేపలు బతికాయి నాయనా!"

"మా పాప కూడా అండీ," అన్నాడు అతను, మెట్లెక్కుతూ.

మర్నాడు పొద్దున అతను హుషారుగా ఆఫీసుకెళ్ళి, టెస్టింగ్ మేనేజర్ సీట్లో కూర్చుని, ఆ స్ట్రిప్ కంపెనీయే కొత్తగా తెస్తున్న పన్నెండు సాకెట్ల మోడలుకి 'అంతా భద్రం' అని సంతకం పెట్టాడు.