ఒక్క ఉతుకు

మ్యాచ్ ఫలితాన్ని యంత్రమే ముందుగా తేల్చేయడం మొదలయ్యాక, ఆఫ్రికా కప్ అర్హత పోటీలకు ఆటగాళ్లు మైదానానికి రావడమే మానేశారు. చివరి అర్హత పోటీలో మలావీ నాలుగు గోల్స్ తేడాతో ఓడిందని ఆ ఉదయం ప్రకటన వచ్చింది. జట్టు బట్టలుతికే తమండాకు ఒళ్లు మండింది.

"ఓడితే ఓడారు గానీ, పదకొండు జెర్సీలు ఉతికి చచ్చాను. వేసుకుని కాసేపు నిలబడి రండి," అని అందరినీ మైదానంలోకి తోలింది.

అవతలి జట్టు ఇంటి దగ్గర విందులో ఉంది. హాజరు వేయించుకోవడానికి వచ్చిన రిఫరీ పాత నిబంధనల పుస్తకం తిరగేశాడు. అరగంట చూసి, రాని జట్టు ఓడినట్టేనని ఈల వేశాడు. మలావీ కప్పుకు అర్హత సాధించింది.

కప్పులో మొదటి మ్యాచ్‌లోనే ఆరు గోల్స్ తేడాతో ఓడుతుందని యంత్రం వెంటనే చెప్పేసింది. కెప్టెన్ మొహం వేలాడేశాడు.

"ఈసారి మనతో ఆడాల్సినవాళ్లు ఆ మాట విన్నారా?" అంది తమండా.

"విన్నారు. అప్పుడే వీధుల్లో డప్పులు కొడుతున్నారు."

"అయితే జెర్సీలు మాపకుండా విప్పివ్వండి. ఫైనల్ దాకా ఈ ఒక్క ఉతుకే చాలు."